ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె – ఇల్లాలి పెత్తనం



మన ఇళ్ళలో టి.వి. పక్కనో, హాల్లో గోడమీదో చిన్న పెట్టె ఒకటి దీపాలు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. దాన్నే రౌటర్ అంటున్నాము. పిల్లల పాఠాలు, అత్తగారి భక్తి ఛానళ్ళు, పరాయి దేశంలో ఉన్న అమ్మాయితో వీడియో మాటలు, కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు – అన్నీ దాని మీదుగానే నడుస్తున్నాయి. అయినా ఆ పెట్టె సంగతి ఇంట్లో ఎవరికి తెలుసునయ్యా అంటే, చాలా ఇళ్ళలో ఎవరికీ తెలియదు. బిగించి వెళ్ళిన కుర్రాడికి తెలుసు. ఆ కుర్రాడు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో మనకు తెలియదు!

గ్యాసు రెగ్యులేటరు మార్చడం మనకు వచ్చు. మోటారు ఎంతసేపు వేస్తే ట్యాంకు నిండుతుందో చెప్పగలం. పాల లెక్క, చీటీ లెక్క నోటికి వచ్చు. ఇన్ని తెలిసిన మనం ఈ పెట్టె దగ్గరికి వచ్చేసరికి "అమ్మో, ముట్టుకుంటే ఏం చెడిపోతుందో" అని వెనక్కి తగ్గుతాము. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ పెట్టె మన ఇంటికి రెండో వీధి గుమ్మం. మొదటి గుమ్మం తాళంచెవులు మన కొంగున ఉన్నట్టే దీని తాళంచెవులు కూడా మన దగ్గరే ఉండాలి. మధ్య మధ్య కొన్ని అంకెలు చెబుతాను. కాయితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందు ఈ పెట్టె చేసే పనేమిటో చూద్దాం. దానికి రెండు ముఖాలు. ఒకటి వీధి వైపు ముఖం. కంపెనీవారి తీగ వచ్చి చేరేది అక్కడే. దాన్ని వ్యాన్ అంటారు. రెండోది ఇంటి వైపు ముఖం. మన ఫోన్లు, టి.వి., కంప్యూటరు చేరేది అక్కడ. దాన్ని ల్యాన్ అంటారు. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌ను తలచుకోండి. బయటివాళ్ళకు తెలిసేది అపార్టుమెంటు అడ్రసు ఒక్కటే. ఏ ఉత్తరం ఏ ఫ్లాటుకో చూసి అందజేసేది అతనే. రౌటర్ కూడా అంతే. కంపెనీ ఇచ్చిన ఒక్క అడ్రసుతో వీధిలో వ్యవహారం నడుపుతూ, ఇంట్లో ఒక్కొక్క ఫోనుకు ఒక్కొక్క నంబరు ఇచ్చి, వచ్చినదాన్ని వచ్చినట్టు పంచిపెడుతుంది.

ఇలా ఎందుకు అంటే, ఇంటర్నెట్ మొదట్లో ఏర్పరచిన పద్ధతిలో ప్రపంచం మొత్తానికీ ఉన్న అడ్రసులు సుమారు 429 కోట్లు. మనుషులే 800 కోట్లు దాటారు; ఒక్కొక్కరి చేతిలో రెండేసి ఫోన్లు! అందుకని 192.168తో మొదలయ్యే అడ్రసులను ఇళ్ళలోనూ ఆఫీసుల్లోనూ లోపలి వాడకానికి విడిచిపెట్టారు. ప్రతి అపార్టుమెంటులోనూ 101 నంబరు ఫ్లాటు ఉన్నట్టు, ప్రతి ఇంట్లోనూ ఈ నంబర్లు ఉండవచ్చు. ఒకరి ఇంటి నంబరుకూ మరొకరి ఇంటి నంబరుకూ తగాదా లేదు.

ఇక తాళంచెవుల సంగతి. ఇవి మూడు. చాలామంది ఒక్కటే అనుకుంటారు, చిక్కంతా అక్కడే వస్తుంది. మొదటిది, కంపెనీవారు మన కనెక్షనుకు ఇచ్చే యూజర్ నేమ్, పాస్‌వర్డ్. ఇది అన్ని కంపెనీలకూ ఉండదు. రెండోది, పెట్టె లోపలికి వెళ్ళి మార్పులు చేయడానికి కావలసిన అడ్మిన్ పాస్‌వర్డ్. మూడోది, మన ఫోన్లలో కొట్టే వై-ఫై పాస్‌వర్డ్. చుట్టాలకు చెప్పేది ఈ మూడోదే. మొదటి రెండూ బీరువా తాళంచెవుల వంటివి, ఇల్లు దాటకూడదు. ఈ మూడింటినీ ఒక నోటు పుస్తకంలో రాసి, రేషను కార్డూ ఇంటి కాయితాలూ దాచే చోట పెట్టండి. పెట్టె మీద కాయితం ముక్క అంటించి రాయవద్దు. వచ్చినవాళ్ళందరూ చదువుతారు.

పెట్టె లోపలికి వెళ్ళడం ఎలాగో చెబుతాను. పెట్టె వెనకో అడుగునో ఒక చీటీ అంటించి ఉంటుంది. దానిమీద 192.168.1.1 అనో, 192.168.0.1 అనో నంబరు ఉంటుంది. జియో వారి పెట్టెల్లో 192.168.29.1. మీ ఫోనులో మొబైల్ డేటా ఆపి, ఇంటి వై-ఫైలో ఉండి, బ్రౌజరులో పైన అడ్రసు రాసే చోట ఈ నంబరు కొట్టండి. "ఇది సురక్షితం కాదు" అని ఒక హెచ్చరిక రావచ్చు. నంబరు సరిగ్గా కొట్టారని మరోసారి చూసుకుని ముందుకు వెళ్ళండి. ఇక్కడ మాట మన ఫోనుకూ మన పెట్టెకూ మధ్యనే నడుస్తుంది. అదే హెచ్చరిక బ్యాంకు పేజీ దగ్గర వస్తే మాత్రం తక్షణం బయటికి వచ్చెయ్యాలి సుమా! కొన్ని కంపెనీలు ఈ పనులకు ఫోనులో యాప్ ఇస్తాయి. కొన్ని పెట్టెల్లో కొన్ని అరలకు కంపెనీవారే తాళం వేసి ఉంచుతారు. అప్పుడు వారి కస్టమర్ కేర్‌కు మనమే ఫోను చేసి అడగాలి.

లోపలికి వెళ్ళగానే చేయవలసిన మొదటి పని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. చాలా పెట్టెలకు ఫ్యాక్టరీలో పెట్టినది "అడ్మిన్, అడ్మిన్" అనే ఉంటుంది. ఒకే తాళంచెవితో ఊళ్ళో సగం తాళాలు తెరుచుకుంటే ఎలా ఉంటుంది? 2016లో అదే జరిగింది. మిరాయి అనే దొంగ ప్రోగ్రాము ఒకటి ప్రపంచమంతా తిరిగి, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చకుండా వదిలేసిన రౌటర్లలో, ఇళ్ళకు పెట్టుకున్న కెమెరాలలో లక్షల సంఖ్యలో దూరింది. ఆ ఏడు అక్టోబరు 21న వాటన్నిటిచేతా ఒక్కసారిగా దాడి చేయిస్తే, అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటి పెద్ద పెద్ద సైట్లే గంటల తరబడి అందకుండా పోయాయి. ఆ దాడిలో పాలుపంచుకున్న కెమెరాల యజమానులకు ఆ సంగతే తెలియదు. మన ఇంటి వస్తువు మనకు తెలియకుండా దొంగకు కూలిపని చేయడమంటే ఇదే.

ఇప్పుడు వీధి వైపు అర చూద్దాం. వ్యాన్ అనో ఇంటర్నెట్ అనో పేరు ఉంటుంది. కంపెనీ తీగ మనకు అడ్రసు ఇచ్చే పద్ధతి ఇక్కడ రాసి ఉంటుంది. పి.పి.పి.ఓ.ఇ. అని ఉంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టినప్పుడే అడ్రసు దొరుకుతుంది. బి.ఎస్.ఎన్.ఎల్. ఫైబరు కనెక్షన్లలో వాడుకలో ఉన్నది ఈ పద్ధతి. డైనమిక్ అని ఉంటే ఏమీ కొట్టనక్కరలేదు, పెట్టెను చూసి కంపెనీయే ఇస్తుంది. స్టాటిక్ అని ఉంటే మారని అడ్రసు. ఇది ఆఫీసులకే ఎక్కువ. ఈ అరలో మనం మార్చవలసినదేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు నోటు పుస్తకంలోకి ఎక్కించుకోవడమే మన పని.

ఎక్కించుకోవడం ఎందుకంటారా? పెట్టె వెనక సూది దూరేంత చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అందులో పిన్నీసుతో కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే రీసెట్ అవుతుంది. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీస్టార్ట్ అంటే ఆపి మళ్ళీ వెయ్యడం; దానివల్ల ఏమీ పోదు. రీసెట్ అంటే పలక తుడిచినట్టు మనం పెట్టుకున్నవన్నీ తుడిచెయ్యడం. కనెక్షను యూజర్ నేమూ పోతుంది, వై-ఫై పేరూ పోతుంది. నోటు పుస్తకంలో రాసి ఉంటే పావుగంటలో తిరిగి పెట్టుకోవచ్చు. లేకపోతే కుర్రాడు వచ్చేదాకా రెండు రోజులు ఇంట్లో అందరి విసుగూ మనం భరించాలి. అదే పాత పెట్టెను అమ్మేటప్పుడూ, కంపెనీకి తిరిగి ఇచ్చేటప్పుడూ మాత్రం తప్పకుండా రీసెట్ చెయ్యండి. ఇల్లు ఖాళీ చేస్తూ తాళంచెవులు వదిలి వెళ్ళము కదా!

ఇంటర్నెట్ ఆగినప్పుడు కంగారు పడకుండా మూడు సంగతులు చూడండి. ఫోనులో మన వై-ఫై పేరే కనబడకపోతే లోపం పెట్టెలోనో, దాని కరెంటులోనో ఉన్నది. పేరు కనబడి, చేరినట్టు చూపించి, ఏదీ తెరుచుకోకపోతే లోపం వీధి వైపు ఉండవచ్చు. ఒకసారి ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేసి, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అన్న దీపం ఎర్రగా వెలుగుతూ ఉంటే ఫైబరు తీగలో వెలుతురు రావడం లేదన్నమాట. ఎక్కడో తెగి ఉంటుంది. అప్పుడు సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు, కంపెనీకి ఫిర్యాదు ఇవ్వడమే. ఆ తీగ లోపల ఉన్నది సన్నని గాజు పోగు. దుమ్ము దులిపేటప్పుడు దాన్ని మెలిపెట్టకండి, మేకుకు చుట్టకండి.

వీధి వైపు అరలోనే డి.ఎన్.ఎస్. అని మరొక గడి ఉంటుంది. ఇది టెలిఫోన్ డైరెక్టరీ వంటిది. మనం బ్యాంకు పేరు కొడితే, ఆ పేరుకు నంబరు వెతికి ఇచ్చేది ఇదే. డైరెక్టరీయే దొంగది అయితే? బ్రెజిల్ దేశంలో 2011, 2012 సంవత్సరాలలో దొంగలు సుమారు 45 లక్షల మోడెంలలోకి దూరి ఈ గడిలో నంబరు మార్చేశారు. జనం తమ బ్యాంకు పేరు సరిగ్గానే కొట్టారు. తెరుచుకున్నది మాత్రం అచ్చం బ్యాంకులాగే ఉన్న దొంగ పేజీ. కాబట్టి ఈ గడిలో "ఆటోమేటిక్" అనో, కంపెనీవారు చెప్పిన నంబరో, మనం తెలిసి పెట్టుకున్న నంబరో ఉండాలి. ఎవరూ పెట్టని కొత్త నంబరు కనబడితే రాసుకుని కంపెనీని అడగండి. ఇదే గడిలో 1.1.1.3 అనీ, రెండో వరుసలో 1.0.0.3 అనీ పెడితే, పిల్లలు చూడకూడని సైట్లను, దొంగ సైట్లను చాలావరకు అడ్డగించే డైరెక్టరీ పనిచేస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ 2020 నుంచి దీన్ని ఉచితంగా ఇస్తోంది. అయితే పిల్లవాడు వై-ఫై ఆపి మొబైల్ డేటాలోకి వెళితే ఈ కాపలా పనిచేయదు. పెట్టె చేసే కాపలా పెట్టెది, తల్లి చెప్పే నాలుగు మాటలు తల్లివి.

ఇక ఇంటి వైపు అర, అంటే ల్యాన్. ఇందులో డి.హెచ్.సి.పి. అని ఒకటి కనబడుతుంది. ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోనుకూ నంబరు పంచే గుమాస్తా ఇతడే. ఇది "ఆన్"లో ఉండాలి. మామూలుగా దీని జోలికి వెళ్ళనక్కరలేదు. మేడమీది గదికి వై-ఫై అందడం లేదని రెండో రౌటర్ కొని తీగతో కలిపినప్పుడు మాత్రం దీనితో పని పడుతుంది. రెండు పెట్టెల్లోనూ గుమాస్తాలు ఉంటారు. ఒకే పెళ్ళిలో ఇద్దరు విడివిడిగా బంతుల టోకెన్లు పంచితే ఒక కుర్చీకి ఇద్దరు వచ్చి నిలబడరూ! ఇక్కడా అదే గందరగోళం. కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. దానికి ఉపాయం – రెండో పెట్టెలో "యాక్సెస్ పాయింట్" అన్న పద్ధతి ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే రెండో పెట్టె అడ్రసును 192.168.1.2 వంటి వేరే నంబరుగా మార్చి – మొదటి మూడు అంకెల గుంపులూ మొదటి పెట్టెవే ఉండాలి – దాని డి.హెచ్.సి.పి.ని ఆపి, కింది నుంచి వచ్చే తీగను దాని ల్యాన్ రంధ్రాలలో ఒకదానికి తగిలించండి. ఇద్దరు గుమాస్తాలలో ఒకరికి సెలవు ఇచ్చినట్టు.

అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసినది వై-ఫై అర. పెట్టె లోపల ఎంత జాగ్రత్త పడినా వై-ఫై గోడలు దాటి మెట్ల దాకా, పక్కింటి దాకా పోతుంది. 2008 జూలై 26న అహమ్మదాబాదులో వరుసగా బాంబులు పేలాయి. అంతకు కొద్ది నిమిషాల ముందు వార్తా ఛానళ్ళకు ఒక బెదిరింపు ఈమెయిలు వచ్చింది. ఆరా తీస్తే అది వెళ్ళిన అడ్రసు నవీ ముంబయిలో ఒక విదేశీయుడి ఫ్లాటుది. పోలీసులు వచ్చారు, ఆయనను ప్రశ్నించారు, కంప్యూటర్లు పరీక్షకు తీసుకుపోయారు. చివరికి తేలింది, ఆయన వై-ఫైని బయటివాళ్ళెవరో వాడుకున్నారని. వీధిలో కనబడేది ఇంటి అడ్రసు ఒక్కటే అని మొదట చెప్పాను కదా. మన పెట్టె మీదుగా ఎవరు ఏ పని చేసినా మొదట వచ్చి తట్టేది మన తలుపే. పాస్‌వర్డ్ గట్టిగా ఉండాలనేది అందుకే.

వై-ఫై పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు ఉండాలి. 14, 15 ఉంటే మరీ మంచిది. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఫోను నంబర్లు వద్దు. ఒకదానికొకటి పొంతన లేని మూడు నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాసి, మధ్యలో రెండు అంకెలు పెట్టండి. "రోకలి, వెన్నెల, 47, చింతపండు" ఇలాగన్నమాట. మనకు గుర్తుంటుంది, దొంగకు తట్టదు. రేడియోలో చెప్పేశాను కాబట్టి ఇదే పెట్టుకోకండి! వై-ఫై పేరులో ఇంటి నంబరు, మీ పేరు లేకుండా చూసుకోండి. సెక్యూరిటీ అన్న చోట డబ్ల్యూ.పి.ఎ. 2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యూ.పి.ఎ. 3 గాని ఉండాలి. పాత ఫోన్లు ఉన్న ఇంట్లో రెండూ కలిసిన పద్ధతి ఎంచుకుంటే సరి. "వెప్" అన్నది సులువుగా ఊడివచ్చే పాత తాళం, దాని జోలికి పోవద్దు. డబ్ల్యూ.పి.ఎస్. అని మరొకటి ఉంటుంది. దాని 8 అంకెల పిన్ను పట్టుకోవడం కష్టం కాదని 2011లోనే బయటపడింది. దాన్ని ఆపెయ్యండి. బయటి ఊరి నుంచి పెట్టెను తెరిచే "రిమోట్ మేనేజ్‌మెంట్" అన్నది ఉంటే అదీ ఆపి ఉంచండి.

చుట్టాలు గడపలో అడుగు పెడుతూనే మంచినీళ్ళకంటే ముందు వై-ఫై పాస్‌వర్డ్ అడిగే రోజులివి. లేదనలేము, ఇస్తే మనసులో శంక. దీనికి చక్కని దారి గెస్ట్ నెట్‌వర్క్. హాల్లో కూర్చోబెట్టి మర్యాద చేసి, పడక గది తలుపు మూసి ఉంచినట్టు. వాళ్ళకు ఇంటర్నెట్ వస్తుంది, మన కంప్యూటరు, మన ఫోన్లు కనబడవు. అద్దెకున్నవాళ్ళకూ, ట్యూషనుకు వచ్చే పిల్లలకూ ఇదే ఇవ్వండి. సెక్యూరిటీ కెమెరాలనూ ఇందులోనే ఉంచడం మంచిది. టి.వి.ని మాత్రం ఆలోచించి పెట్టండి. టి.వి. ఒక చోట, ఫోను ఒక చోట ఉంటే ఫోనులోని ఫోటోలు టి.వి.లో చూపించడం సాగదు.

వేగం సంగతి రెండు మాటలలో చెబుతాను. పెట్టెలో 2.4, 5 అని రెండు వరసలు ఉంటాయి. 2.4 దూరం పోతుంది, గోడలు దాటుతుంది, వేగం తక్కువ. 5 వేగంగా ఉంటుంది, రెండు గోడలు అడ్డం వస్తే నీరసపడుతుంది. వీడియోలు చూసే గదికి 5, వెనక గదులకు 2.4. మైక్రోవేవ్ ఓవెను పనిచేసేది కూడా సుమారు 2.4 దగ్గరే. ఓవెను తిరుగుతున్నంతసేపూ వంటింట్లో వీడియో ఆగిపోతూ ఉంటే కారణం అదే కావచ్చు. అపార్టుమెంట్లలో 2.4కి ఛానల్ నంబరు 1, 6, 11లలో తక్కువ రద్దీ ఉన్నది పెట్టుకోండి. పెట్టెను షోకేసులో, ఫ్రిజ్ వెనక దాచకండి. ఇంటి మధ్యగా, మనిషి ఎత్తున, గాలి తగిలే చోట ఉండాలి.

ఒక్క హెచ్చరిక. "మీ రౌటర్ పాడైంది, అప్‌డేట్ చేస్తాం, ఈ యాప్ వేసుకోండి, వచ్చిన ఓ.టి.పి. చెప్పండి" అని ఎవరైనా ఫోను చేస్తే మర్యాదగా పెట్టెయ్యండి. యాప్ వేయించి, ఫోను తెర అంతా అక్కడినుంచే చూస్తూ బ్యాంకు డబ్బు లాగేస్తారు. నిజంగా అనుమానం ఉంటే బిల్లు మీద ఉన్న నంబరుకు మనమే చెయ్యాలి. పొరబాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. పెట్టెకు అసలైన అప్‌డేట్ దాని లోపలే "ఫర్మ్‌వేర్" అన్న చోట ఉంటుంది. కరెంటు పోయే వేళ చూసి ఆ పని పెట్టుకోకండి. మధ్యలో ఆగితే పెట్టె పనికిరాకుండా పోవచ్చు.

నెలకొకసారి, నెల సామాను చీటీ రాసుకునే రోజున, పెట్టెలోకి వెళ్ళి చేరిన ఫోన్ల జాబితా చూడండి. ఇంట్లో ఉన్నవి ఆరయితే జాబితాలో తొమ్మిది ఎందుకున్నాయో ఆరా తీయండి. పాత ఫోనో, టి.వి.యో కావచ్చు. ఎవరిదో తేలకపోతే వై-ఫై పాస్‌వర్డ్ మార్చెయ్యండి. పరాయివన్నీ వాటంతటవే రాలిపోతాయి. మీరు నేర్చుకున్నది ఇంట్లో మరొకరికి, వీలైతే పెద్ద పిల్లకు కూడా చూపించండి. నోటు పుస్తకం ఎక్కడుందో తనకు తెలిస్తే మీరు ఊళ్ళో లేని రోజున కూడా ఇల్లు సాగుతుంది. ఈ సాయంత్రం చేయవలసిన పని ఒక్కటే – పెట్టె వెనక చీటీ చూసి ఆ నంబరు రాసుకోండి. మిగతావి ఒక్కొక్కటే రేపు, ఎల్లుండి.